మొక్కల అక్వేరియం: అడుగు మట్టి, కార్బన్ డై ఆక్సైడ్ ఏర్పాట్లను ఎంచుకోవడం ఎలా?

గాజు తొట్టెలో మొక్కలు పెంచాలనుకునేవారిలో చాలామంది ముందుగా మొక్కలకు కార్బన్ డై ఆక్సైడ్ గ్యాస్ అందించే సిలిండర్ ధర అడుగుతారు, ఆ తర్వాత లైటు, చివరికి మిగిలిన డబ్బుతో అడుగున పరచడానికి ఏదో ఒక సంచి ఇసుక కొంటారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. ఒకసారి పరచిన మట్టిని మార్చాలంటే మొక్కలన్నీ పీకి, చేపలను బకెట్లలోకి మార్చి, తొట్టె మొత్తం ఖాళీ చేయవలసి వస్తుంది. గ్యాస్‌నైతే ఏడాది తర్వాత తెచ్చి తగిలించుకున్నా తొట్టెకు ఏ నష్టమూ లేదు. అందుచేత వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని ముందు, నింపాదిగా తీసుకోవాలి. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తొట్టెను, అదీ హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉన్నదాన్ని తీసుకుంటున్నాను. దీని లెక్కలను ఏ తొట్టెకైనా అన్వయించుకోవచ్చు.

మొదటి మెట్టు: మట్టి కంటే ముందు నీళ్ళు

మీ ఇంటి నీటిలో బైకార్బొనేట్లు ఎంత ఉన్నాయో తెలియకుండా మట్టి కొనకండి. ఈ కొలతను అక్వేరియం పరిభాషలో కేహెచ్ అంటారు. టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపుతుందే తప్ప అందులో ఉప్పెంతో, సున్నమెంతో విడదీయదు. చుక్కలు లెక్కపెట్టే కేహెచ్ కిట్ ఒకటి కొనుక్కోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. వానాకాలంలో 5 చూపిన కేహెచ్ ఏప్రిల్‌లో 12 చూపవచ్చు. కాబట్టి ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా రెండు మూడు వారాల తేడాతో మళ్ళీ కొలవండి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కనుక దాన్ని విరిచే మందు కలపడం ఎలాగూ తప్పదు.

నేను ఈ పని చేయకుండానే మొదటి తొట్టె పెట్టాను. బోరు నీళ్ళ కేహెచ్ 14. ఆక్వా సాయిల్ అనే ఖరీదైన గుళికల మట్టి పరచి, వారం వారం అవే నీళ్ళు మార్చాను. రెండేళ్ళు పనిచేయవలసిన మట్టి, నీటి పీహెచ్‌ను తగ్గించే గుణాన్ని నాలుగు నెలల్లోనే పోగొట్టుకుంది. అందులో మట్టి తప్పేమీ లేదు. మోయలేనంత బరువు దాని నెత్తిన పెట్టింది నేనే.

కేహెచ్ 6 లోపు ఉంటే ఏ మట్టైనా వాడుకోవచ్చు. 10 దాటితే రెండే దారులు: పోషకాలు లేని ఇసుకతో సరిపెట్టుకుని గట్టి నీటిని తట్టుకునే మొక్కలు పెంచడం, లేదా ఆర్వో నీళ్ళు కలపడం. కలిపే లెక్క తేలికే. కేహెచ్ 14 ఉన్న బోరు నీళ్ళు 14 లీటర్లు, ఆర్వో నీళ్ళు 36 లీటర్లు కలిపితే 50 లీటర్ల నీటి కేహెచ్ దాదాపు 4 అవుతుంది. ప్రతి వారం ఇంత ఆర్వో నీరు పట్టగలరా, ఆ యంత్రం బయటికి వదిలే నీటిని ఇల్లు తుడవడానికైనా వాడుకోగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. 6కూ 10కీ మధ్య ఉన్నవారు సగం ఆర్వో నీళ్ళతో నెట్టుకురావచ్చు.

రెండో మెట్టు: ఏ మొక్కలు కావాలో తేల్చుకోవడం

అనూబియాస్, జావా ఫెర్న్ వంటివి రాయికో కర్రకో కట్టేస్తే బతుకుతాయి. వాటికి అడుగున ఏముందన్నది పట్టదు. క్రిప్టోకోరైన్, వాలిస్‌నేరియా, పెద్ద ఆకుల ఎకినోడోరస్ వేళ్ళతో తింటాయి, గ్యాస్ లేకపోయినా సర్దుకుంటాయి. ఎర్రగా వెలిగే రొటాలా మాక్రాండ్రా, నేలంతా తివాచీలా పరుచుకునే హెమియాంథస్, గ్లాసోస్టిగ్మా మాత్రం పోషకాల మట్టి, గట్టి వెలుతురు, గ్యాస్ మూడూ అడుగుతాయి. రొటాలా మాక్రాండ్రా మన దక్షిణ భారతపు నీటి మొక్కే అయినా, మన ఇళ్ళ బోరు నీళ్ళలో దాన్ని నిలపడం కష్టం.

ఈ మూడో రకం మీకు అవసరం లేదనుకుంటే గ్యాస్ గురించి రాసిన మెట్లు మీకు అక్కరలేదు; మట్టి గురించి చదివి ఆపేయవచ్చు. అలా ఆపేసినవారి తొట్టెలు చాలా అందంగా ఉండడం నేను చూశాను.

మూడో మెట్టు: మట్టి రకాలు, వాటి గుణదోషాలు

ఆక్వా సాయిల్ అంటే సహజ మట్టిని గుళికలుగా చేసి కాల్చినది. జపాన్‌లోని నీగాటాకు చెందిన ఛాయాచిత్రకారుడు తకాషి అమానో 1982లో స్థాపించిన సంస్థ వల్ల ఈ పద్ధతికి ప్రపంచమంతటా ప్రచారం వచ్చింది. ఈ గుళికలు నీటిలోని బైకార్బొనేట్లను పీల్చుకుని పీహెచ్‌ను 6.5 పరిసరాలకు దించుతాయి, అమ్మోనియం, పొటాషియం, ఇనుము వంటి పోషకాలను పట్టి ఉంచి వేళ్ళకు అందిస్తాయి. గుళికల మధ్య ఖాళీలుండడం వల్ల వేళ్ళకు ఊపిరి ఆడుతుంది. అయితే కొత్తగా పరచినప్పుడు కొన్ని వారాల పాటు అమ్మోనియాను వదులుతాయి, చేత్తో నలిపితే బురద అవుతాయి, రెండు మూడేళ్ళకు సత్తువ తగ్గుతుంది.

రెండో రకం ఏ గుణమూ లేని ఇసుక, అంటే సిలికా లేదా క్వార్ట్జ్ గులకలు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల గింజ అన్నిటికంటే మేలు. అంతకంటే సన్నమైతే గట్టిపడి వేళ్ళ దగ్గర కుళ్ళు చేరుతుంది. మరీ లావైతే చిన్న మొక్క నాటుకోదు. ఇది ఎన్నేళ్ళైనా చెడదు, తక్కువ ఖర్చు. పోషకాలు లేవన్న లోటును వేళ్ళ దగ్గర గుచ్చే ఎరువు బిళ్ళలతో తీర్చవచ్చు. నది ఇసుకను జల్లెడ పట్టి, బియ్యం కడిగినట్టు నీళ్ళు తేటపడేదాకా కడిగి వాడుకోవచ్చు. రోబో ఇసుక వద్దు. రాయిని పగలగొట్టి చేసిన ఆ గింజల అంచులు అడుగున తిరిగే చేపల మీసాలను కోస్తాయి, దాని దుమ్ము ఎన్ని కడుగులైనా వదలదు. సముద్రతీరపు ఇసుక, పాలరాతి ముక్కలు, గవ్వలు కలిసినవి కూడా పనికిరావు. అనుమానముంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును కొద్ది నీళ్ళలో చిక్కగా కరిగించి, పొడి ఇసుక మీద పోయండి. బుస్సుమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, అది కేహెచ్‌ను పెంచుతూనే ఉంటుంది.

మూడోది మామూలు నేల మట్టిని కింద పరచి పైన ఇసుక కప్పే పద్ధతి. అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ పేరుతో ఇది ప్రసిద్ధి. మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్ళుతూ తనంతట తానే కొంత కార్బన్ డై ఆక్సైడ్ ఇస్తుంది గనుక సిలిండర్ అక్కర్లేదు. మన దగ్గర దీనికి ఎర్రమట్టి అనువైనది: ఇనుము ఉంటుంది, సున్నం సాధారణంగా తక్కువ. నల్లరేగడి జోలికి పోకండి. తడిస్తే ఉబ్బుతుంది, పైగా అందులో సున్నపు గులకలు కలిసి ఉండడం మామూలే. రాళ్ళు, వేళ్ళు ఏరి జల్లించిన ఎర్రమట్టి 2 నుంచి 3 సెంటీమీటర్లు, దానిపై ఇసుక 3 సెంటీమీటర్లు చాలు. వానపాముల ఎరువు కలపాలనిపిస్తే మన తొట్టె అంత దానికి ఒక గుప్పెడు మించకూడదు. ఎక్కువైతే కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో బుడగలు లేస్తాయి. ఈ రకం తొట్టెలో తరచూ మొక్కలు పీకి నాటే అలవాటున్నవారికి మాత్రం బురదే మిగులుతుంది.

నా తీర్పు ఇది: కేహెచ్ తక్కువ ఉండి, తివాచీ మొక్కలు కావాలంటే ఆక్వా సాయిల్, కేహెచ్ ఎక్కువ ఉండి ఆర్వో వద్దనుకుంటే ఇసుకా ఎరువు బిళ్ళలూ, ఓపిక ఉండి డబ్బు తక్కువైతే ఎర్రమట్టి.

నాలుగో మెట్టు: ఎంత పరచాలి, ఎలా పరచాలి

ముందు 4, వెనుక 9 సెంటీమీటర్ల వాలు పెడితే సగటు 6.5 సెంటీమీటర్లు. తొట్టె లోపలి పొడవు వెడల్పులను దానితో గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మన తొట్టెకు అది సుమారు 11 లీటర్లు. 9 లీటర్ల సంచి ఒక్కటి తెచ్చుకుంటే సగంలో చిక్కుకుపోతాం. ఇంకో చిన్న సంచి కొనవచ్చు, లేదా వెనుక వైపు అడుగున లావా రాతి ముక్కలను జాలీ సంచుల్లో కట్టి ఎత్తు పెంచి, దానిపై మట్టి కప్పవచ్చు.

ఆక్వా సాయిల్‌ను కడగకూడదు. పరచిన తర్వాత మట్టి చెమ్మగిల్లేంత నీటిని స్ప్రేతో కొట్టి, అప్పుడే మొక్కలు నాటితే చేతికి పట్టు దొరుకుతుంది. నీళ్ళు పోసేటప్పుడు మట్టిపై ఒక పళ్ళెం పెట్టి, సన్నని ధారగా దాని మీద పోయాలి. చెంబుతో గుమ్మరిస్తే కట్టిన వాలంతా ముందుకు జారిపోతుంది. మొదటి వారం రోజు విడిచి రోజు సగం నీళ్ళు మార్చండి. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నా చూపేదాకా చేపలు వద్దు. దీనికి 3 నుంచి 6 వారాలు పడుతుంది.

ఐదో మెట్టు: గ్యాస్ ఏ రూపంలో?

పాత బడిపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నదే ఇది. గాలిలోని గ్యాస్‌తో సమతూకంలో ఉన్న నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. చేపలూ బ్యాక్టీరియా ఉన్న తొట్టెలో అంతకంటే కాస్త ఎక్కువ. తివాచీ మొక్కలకు మనం అందించవలసింది లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు.

చక్కెర, ఈస్ట్ పద్ధతి అన్నిటికంటే చవక. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో లీటరు నీళ్ళు, 200 గ్రాముల చక్కెర, పావు చెంచా ఈస్ట్ వేసి, మూతకు గొట్టం బిగిస్తే రెండు మూడు వారాలు గ్యాస్ వస్తుంది. మూత తీస్తే అచ్చం కల్లు వాసనే, ఎందుకంటే లోపల జరిగేది అదే పని. చిక్కేమిటంటే రాత్రి ఆపడానికి వీలుండదు, ఎండాకాలంలో మొదటి నాలుగు రోజులూ పొంగిపొర్లి తర్వాత నీరసిస్తుంది. ఇలా రోజుకో తీరుగా మారే గ్యాస్ నాచుకే అనుకూలం. 20 లీటర్ల లోపు తొట్టెకు, అదీ ఒకసారి రుచి చూడడానికి, ఇది చాలు.

నిమ్మ ఉప్పు, వంటసోడా కలిపే జంట సీసాల పద్ధతి కాస్త మెరుగు, వాల్వ్‌తో అదుపు చేయవచ్చు. 200 గ్రాముల సోడా పూర్తిగా చర్య జరిపితే సుమారు 105 గ్రాముల గ్యాస్ వస్తుంది. అందుకు సుమారు 150 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. సీసాలు మాత్రం సోడా పానీయాలవే కావాలి. మంచినీళ్ళ సీసాలు ఆ ఒత్తిడికి పగులుతాయి.

దుకాణాల్లో ద్రవ కార్బన్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం గ్లూటరాల్డిహైడ్ ద్రావణమే. నాచును చంపడానికి పనికొస్తుంది కానీ గ్యాస్‌కు ప్రత్యామ్నాయం కాదు. వాలిస్‌నేరియా దీనికి కరిగిపోతుంది, మన చర్మానికీ కళ్ళకూ హాని.

50 లీటర్లు దాటిన తొట్టెకు, ఏళ్ళ తరబడి నడపాలనుకునేవారికి సిలిండరే సరైనది.

ఆరో మెట్టు: సిలిండర్, దాని తలపై అమర్చేవి

పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న, పరీక్ష తేదీ చెక్కిన సిలిండరే కొనండి. పాత మంటలార్పే సిలిండర్‌ను చవకగా ఇస్తామంటే జాగ్రత్త పడాలి: దాని లోపల అడుగుదాకా దిగే గొట్టం ఉంటుంది, దాని గుండా గ్యాస్ బదులు ద్రవం వస్తుంది. ఆ గొట్టం తీయించకుండా రెగ్యులేటర్ బిగిస్తే రెగ్యులేటర్ పాడవుతుంది. సిలిండర్‌ను ఎప్పుడూ నిలువుగానే, గొలుసుతో గోడకో బల్లకో కట్టి ఉంచాలి.

ఎంత పెద్దది కొనాలన్నది గది చెబుతుంది. 2 కిలోల గ్యాస్ బయటికి వస్తే సుమారు 1.1 ఘనమీటర్ల పరిమాణం అవుతుంది. 3 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న మూసిన పడకగదిలో అది గాలిలో 3.5 శాతం. తలనొప్పి, ఆయాసం రావడానికి అది చాలు. 5 కిలోలదైతే 9 శాతం, అది ప్రాణాంతకం కావచ్చు. ఈ గ్యాస్ గాలికంటే బరువు గనుక నేల మీదే పేరుకుంటుంది. అందువల్ల చిన్న పడకగదిలో 2 కిలోలు మించవద్దు, అదీ కిటికీ తెరిచే అలవాటుంటేనే.

రెగ్యులేటర్ రెండు దశలదైతే మంచిది. ఒకే దశది సిలిండర్ ఖాళీ అయ్యే చివరి రోజుల్లో ఒక్కసారిగా ఎక్కువ గ్యాస్ వదిలేయవచ్చు, చేపలు పోయేది అప్పుడే. దానితో పాటు కరెంటు ఉన్నప్పుడు మాత్రమే తెరుచుకునే సోలినాయిడ్, సన్నగా తిప్పగల నీడిల్ వాల్వ్, బుడగలు లెక్కపెట్టే గాజు గొట్టం, నీళ్ళు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్, గ్యాస్‌ను తట్టుకునే గొట్టం కావాలి. మామూలు సిలికాన్ గొట్టం గుండా గ్యాస్ బయటికి పోతూనే ఉంటుంది. మనకు దొరికే సిలిండర్ల మర అన్నీ ఒకటి కావు. రెగ్యులేటర్‌ను దుకాణానికి తీసుకెళ్ళి సరిచూసుకోండి. మూతి దగ్గర గ్యాస్‌ను ఆపేది వాషరే, మరలకు చుట్టే తెల్ల టేపు కాదు.

ఏడో మెట్టు: బిగించి, అదుపులో పెట్టడం

నీడిల్ వాల్వ్ మూసి, ఒత్తిడి పిడిని వదులు చేసి, ఆ తర్వాతే సిలిండర్ వాల్వ్‌ను మెల్లగా తెరవాలి. పని ఒత్తిడిని 2 బార్ల దగ్గర నిలిపి, ప్రతి జోడింపు మీదా సబ్బు నురగ రాయండి. నురగ ఉబ్బితే అక్కడ లీకున్నట్టు. గ్యాస్‌ను సన్నని బుడగలుగా విడగొట్టే డిఫ్యూజర్‌ను ఫిల్టర్ ధార తగిలే చోట, వీలైనంత కింద పెట్టండి. సన్నని బుడగలు పైకి చేరేలోగా తొట్టె అంతా తిరగాలి.

సెకనుకు ఒక బుడగతో మొదలుపెట్టండి. ఇది కేవలం మొదలు. ఒక్కో గాజు గొట్టంలో బుడగ ఒక్కో పరిమాణంలో ఉంటుంది గనుక మీ స్నేహితుడి లెక్క మీకు పనికిరాదు. నిజమైన కొలత కోసం డ్రాప్ చెకర్ అనే, తొట్టె లోపల అతికించే చిన్న గాజు బుడ్డిని వాడాలి. అందులో కేహెచ్ 4 ద్రావణం, రంగు మారే బ్రోమోథైమోల్ బ్లూ ఉంటాయి. ఆ ద్రావణాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.2 గ్రాముల వంటసోడా కరిగిస్తే కేహెచ్ 40. అందులో ఒక వంతుకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే 4. తొట్టె నీళ్ళు మాత్రం ఇందులో పోయకూడదు; వాటిలోని ఇతర ఆమ్లాలు లెక్కను తప్పిస్తాయి. నీలం ఉంటే గ్యాస్ తక్కువ, పచ్చి జామకాయ రంగు వస్తే సరిగ్గా ఉంది, పసుపైతే ఎక్కువ. రంగు మారడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది కాబట్టి, వాల్వ్ తిప్పిన పది నిమిషాలకే రంగు చూసి మళ్ళీ తిప్పడం పెద్ద పొరపాటు. రోజుకు ఒక్కసారి, అదీ కొంచెమే తిప్పండి.

పీహెచ్‌తో కూడా సరిచూసుకోవచ్చు. గ్యాస్ వదలకముందు ఉదయాన, మధ్యాహ్నం మళ్ళీ కొలవండి. కేహెచ్ మారనంతవరకు పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే గ్యాస్ పదింతలు అయినట్టు. ఆ ఒక్క అంకె దగ్గర వారం రోజులు ఆగి, చేపలను గమనించాకే ముందుకు వెళ్ళాలి. చేపలు పైకి చేరి నోళ్ళు తెరిచి గాలి తాగుతుంటే ఏ పరికరం ఏం చూపినా గ్యాస్ ఆపి, నీటి పైభాగాన్ని కదిలించండి.

టైమరుతో గ్యాస్‌ను లైటు కంటే గంటన్నర ముందు తెరిచి, లైటు ఆరడానికి గంట ముందు ఆపాలి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. మొక్కలు నిలదొక్కుకున్నాక, అన్నీ కుదిరిన రోజు మధ్యాహ్నం రొటాలా ఆకుల చివర్ల నుంచి ముత్యాల్లాంటి ఆక్సిజన్ బుడగలు వరుసగా లేస్తాయి. మా ఇంట్లో భోజనాలు ఆపి మరీ చూసేవారు.

ఎనిమిదో మెట్టు: ఎండాకాలం, కరెంటు కోత, రీఫిల్

కార్బన్ డై ఆక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడిలోనూ ద్రవంగా ఉండదు. 20 డిగ్రీల దగ్గర సిలిండర్ గేజి 57 బార్లు చూపితే, మే నెలలో 40 డిగ్రీల గదిలో నిండు సిలిండర్ గేజి 100 బార్ల పరిసరాలకు వెళ్ళవచ్చు. రామగుండం, రెంటచింతల ఎండల్లో బాల్కనీలోనో, కారు డిక్కీలోనో సిలిండర్ ఉంచడం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. నింపేవారు అంచు దాకా నింపుతామన్నా ఒప్పుకోకండి.

నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది, చేపలకు అవసరం మాత్రం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల వద్ద 7.5కు దిగుతుంది. కాబట్టి చలికాలంలో సరిపోయిన బుడగల లెక్కను ఏప్రిల్ నుంచి తగ్గించి, రాత్రిపూట ఎయిర్ పంపు నడపాలి. కరెంటు పోతే సోలినాయిడ్ దానంతటదే మూసుకుంటుంది, అది మంచిదే. సోలినాయిడ్‌ను ఇన్వర్టర్‌కు కలిపి ఫిల్టర్‌ను కలపకపోతే మాత్రం గ్యాస్ వస్తూనే ఉండి నీళ్ళు కదలకుండా నిలుస్తాయి. రెండింటినీ కలిపి ఇన్వర్టర్‌పై పెట్టండి, లేదా రెండింటినీ దానికి కలపవద్దు.

గ్యాస్ ఎంత మిగిలిందో గేజి చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం అది ఒకే అంకె చూపి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఖాళీ సిలిండర్ బరువును, నింపాక బరువును రెండింటినీ పెయింటు పెన్నుతో దాని మీదే రాసుకోండి. నెలకొకసారి రెగ్యులేటర్ తీయకుండానే, దాని బరువును కూడా లెక్కలో వేసుకుని, కాటా మీద పెట్టి చూస్తే ఎప్పుడు నింపించాలో ముందే తెలుస్తుంది. 200 గ్రాములు మిగిలినప్పుడే రీఫిల్‌కు పంపండి. దుకాణం ఆదివారం మూసి ఉంటుంది, తొట్టెకు ఆ సంగతి తెలియదు.